బలమా, ఒదుగా? – ఒక స్పోర్ట్సు కారు నాలుగు తరముల కథ



బండి కదలుటకు బలము కావలెను. కదలిన బండి త్రోవ తప్పకుండుటకు ఒదుగు కావలెను. ఈ రెండింటిలో దేనికి పెద్దపీట వేయవలెనను ప్రశ్న ఎడ్లబండి నాటినుండియు ఉన్నదే. బండలాగుడు పందెమునకు ఎద్దులను ఎన్నుకొనువారు ఒక గుణమును చూతురు. ఇరుకు సందులలో ధాన్యపు బండిని తిప్పుకొని రావలసినవారు మరియొక గుణమును చూతురు. ఒంగోలు జాతి గిత్త ఎంత బలము కలదైనను, పగ్గము కదలినంతనే తిరుగనిచో ఇరుకు సందులో అది బరువేగాని సాయము కాదు. ఈ పాత ప్రశ్ననే నేడు స్పోర్ట్సు కారుల విషయమున తరచి చూడ దలచితిని. తరము మారిన కొలదియు ఇంజను బలము పెరుగుచు వచ్చినది. దానితోబాటు ఒదుగు పెరిగినదా, తరిగినదా? దీనిని నిగ్గు తేల్చుటకు అమెరికా దేశమున ఒక పందెము గలదు. దానిని ఆటోక్రాస్ అందురు.

మొదట ఆ పందెము తీరు చెప్పెదను. విశాలమైన చప్టా మైదానము, పెక్కుచోట్ల వాడుకలో లేని విమానాశ్రయపు నేల, ఇందుకు తీసికొందురు. దానిపై నారింజవన్నె గల శంకువులను నిలిపి వంకరటింకర త్రోవ నొకదానిని ఏర్పరతురు. ఒక్కొక్క కారే ఆ త్రోవను పోయి రావలెను. కారునకు కారు ప్రక్కప్రక్కన పరుగెత్తుట లేదు. కాలమును సెకండులో వేయవ వంతు వరకు కొలుతురు. సాధారణముగా ఒక పరుగు ఒక నిమిషము లోపలనో, ఆ దరిదాపులనో ముగియును. శంకువును తాకి చోటు తప్పించినచో 2 సెకండులు దండుగ. త్రోవయే తప్పినచో ఆ పరుగు లెక్కకు రాదు. వేగము పెద్ద రహదారులపై పోవు వేగమును మించకుండునట్లు త్రోవను అమర్తురు. చాలవరకు కారు రెండవ గేరులోనే నడచును.

1944లో నెలకొన్న స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వారు 1973 నుండి దీనికి జాతీయ పోటీలను జరుపుచు వచ్చిరి. 2009 మొదలు ఆ పోటీలు నెబ్రాస్కా రాష్ట్రమందలి లింకన్ నగరమున జరుగుచున్నవి. రెండు దినములు, రెండు త్రోవలు, ఒక్కొక్క త్రోవపై మూడేసి పరుగులు. రెండు త్రోవలలోని మేలైన కాలములను కూడి గెలుపు నిర్ణయింతురు. గెలిచినవానికిని ఓడినవానికిని నడుమ భేదము ఒక్కొక్కప్పుడు సెకండులో కొన్ని వందవ వంతులే. అట్టిచోట 2 సెకండుల దండుగ యనగా ఎంతటిదో తమరే ఊహింపుడు. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలన్న మన సామెత ఆ మైదానమున ప్రతి ఆదివారమును ఋజువగుచుండును.

ఇక బలము మాట. ఇంజను బలమును రెండు విధముల చెప్పుదురు. ఒకటి అశ్వశక్తి, రెండవది టార్కు. ఈ రెండింటికిని భేదమేమో గానుగను చూచిన తెలియును. గానుగ దూలమునకు ఎద్దును కట్టుదుము. దూలము పొడవైనచో తక్కువ బలముతోనే రోలు తిరుగును. కురుచయైనచో ఎక్కువ బలము కావలెను. దూలపు పొడవును, ఎద్దు లాగు బలమును హెచ్చవేయగా వచ్చునది టార్కు. అనగా త్రిప్పెడు బలము. ఎద్దు నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగునో దానినికూడ లెక్కలోనికి తీసికొన్నచో అది శక్తి యగును. పదునెనిమిదవ శతాబ్దమున జేమ్స్ వాట్ అను స్కాట్లండు దేశపు యంత్రజ్ఞుడు అశ్వశక్తిని నిర్ణయించినది ఇట్టి లెక్కతోనే. మరను త్రిప్పు గుఱ్ఱమును చూచి, నిమిషమున 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తునకు లేపు పనిని ఒక అశ్వశక్తిగా నిలిపెను.

కాబట్టి తక్కువ టార్కుగల ఇంజను మిక్కిలి వేగముగ తిరిగినచో ఎక్కువ అశ్వశక్తిని ఈయగలదు. ఎక్కువ టార్కుగల ఇంజను మెల్లగ తిరిగియు అంతే శక్తిని ఈయగలదు. కాగితముపై రెండును సమానము. మలుపు తిరిగి బయటపడు కారునకు మాత్రము రెండును సమానములు కావు. మలుపులో వేగము తగ్గును, ఇంజను చుట్లు పడిపోవును. ఆ తక్కువ చుట్లలో ఎంత టార్కు గలదో అంతే కారు ముందుకు దూకును. ఆటోక్రాస్ త్రోవయంతయు మలుపులే గనుక, చివరి చుట్టులో వచ్చు గొప్ప అశ్వశక్తికంటె నడిమి చుట్లలోని టార్కే అచట ఎక్కువ అక్కరకు వచ్చును.

అట్లని టార్కు ఎంత యున్న అంత మేలా? కాదు. బలమును నేలకు అందించునది టైరు. టైరునకును నేలకును గల పట్టును ఒక రూపాయి అనుకొనుడు, పాతలెక్కన పదహారణాలు. ఆ పదహారణాలనే మలుపు తిరుగుటకును, ముందుకు లాగుటకును, బ్రేకు వేసి ఆగుటకును పంచుకొనవలెను. మలుపులో నిండు పదహారణాలును ఖర్చయినచో ముందుకు లాగుటకు కానియు మిగులదు. శాస్త్రీయముగ ఇది కేవలము కూడిక తీసివేతల లెక్క కాదు గాని భావమిదియే. మిగులు లేనప్పుడు బలమును తొక్కి పెట్టినచో వెనుక చక్రములు జారును, కారు తోక ముందుకు వచ్చును. కనుక టైరు భరింపగల బలమే బలము. మిగిలినది పొగయు, రబ్బరు వాసనయు.

ఈ సూత్రములను చేతబట్టుకొని జపాను దేశపు మాజ్దా వారి ఎంఎక్స్-5 అను రెండు సీట్ల కారును పరిశీలింతము. అమెరికాలో దీనిని మియాటా అందురు. ఆటోక్రాస్ మైదానములందు ఇంతగా కానవచ్చు కారు మరొకటి అరుదు. 1989 ఫిబ్రవరిలో చికాగో ప్రదర్శనమున ఇది మొదట కనబడెను. 1960 దశకమునాటి తేలికైన ఇంగ్లీషు కారుల సొగసును మరల తేవలెనను తలంపు దీనికి మూలము. నిర్మాణమునకు పెద్దయైన తోషిహికో హిరాయి తన వారికి ఒక్క మాటను మంత్రమువలె చెప్పెను. ఆ జపాను మాట ‘జింబా ఇత్తాయి’. గుఱ్ఱమును రౌతును ఒక్కటియగుట యని దాని అర్థము. పరుగెత్తు గుఱ్ఱముపై నుండి బాణము వేయు విలుకాని విద్యనుండి అది వచ్చినది. గుఱ్ఱము ఎంత బలిసినదని గాక, రౌతు మనస్సును ఎంత త్వరగా గ్రహించునని చూడుమని దాని తాత్పర్యము.

మొదటి తరము కారు బరువు సుమారు 960 కిలోలు. ఇంజను 1.6 లీటర్లది, 116 అశ్వశక్తి, 136 న్యూటన్ మీటర్ల టార్కు. ఈ కొలత మనకు అలవాటు లేనిది గనుక ఇట్లు చెప్పెదను. మీటరు పొడవుగల కర్ర నొకదానిని ఇరుసునకు అడ్డముగ బిగించి, కొనయందు సుమారు 14 కిలోల బరువును వ్రేలగట్టినచో ఇరుసుపై పడు మెలి యెంతయో, అది ఈ ఇంజను టార్కు. నాలుగు చక్రములకును జంట బాహువులతో కూడిన సస్పెన్షను అమర్చిరి. చక్రము ఎగిరిపడినను టైరు నేలపై చక్కగా ఆనుటకు అది తోడ్పడును. బరువు ముందు వెనుకల దాదాపు సగము సగము. గేరు పెట్టెను వెనుక ఇరుసుతో ఒక గట్టి చట్రము కలుపును. అందువలన కాలితో తొక్కినంతనే, మెత్తదనమేమియు అడ్డురాక, బలము చక్రమునకు చేరును. 1994 నమూనానాటికి ఇంజను 1.8 లీటర్లదైనది; టార్కు 149కి పెరిగినది.

రెండవ తరము 1998లో వెలువడెను. మొదటి దానికి మూతబడి తెరచుకొను దీపము లుండెడివి. వానిని తీసివేసి స్థిరమైన దీపములు పెట్టిరి. బరువు రమారమి 1,040 కిలోలకు చేరెను. టార్కు 162 అయ్యెను. సస్పెన్షను మాత్రము పాత పద్ధతిదే, చక్రముల నడిమి దూరమును 2,265 మిల్లీమీటర్లే. ఈ తరములోనే 2004, 2005 నమూనాలలో టర్బో అమర్చిన కారు నొకదానిని చేసిరి. దాని టార్కు సుమారు 225. టర్బో యనగా పొగగొట్టపు గాలితో ఒక చక్రమును త్రిప్పి ఇంజనులోనికి అదనపు గాలిని నెట్టు ఏర్పాటు. సంఖ్యలో అది మిగిలిన వానికంటె చాల మిన్న. కాని తొక్కిన క్షణమునకును, గాలి నిండి బలము వచ్చు క్షణమునకును నడుమ కొంచెము ఎడము గలదు. తిన్నని త్రోవలో ఆ ఎడము లెక్కలోనిది కాదు. శంకువుల నడుమ పోవునపుడు మాత్రము, బలము కోరినచోట రాక, వద్దనుకొన్నచోట వచ్చును. అట్టి కారును నడుపువాడు ముందుగనే తొక్కి ఉంచుట నేర్వవలెను.

మూడవ తరము 2005లో వచ్చెను. ఇంజను 2 లీటర్లది, టార్కు 190. చక్రముల నడిమి దూరము 2,330 మిల్లీమీటర్లకు పెరిగెను. బరువు 1,100 కిలోలు దాటెను. ముందు చక్రములకు పాత జంట బాహువులే యున్నను, వెనుక చక్రములకు పెక్కు కడ్డీల సస్పెన్షను పెట్టిరి. బలము నిండుగ ఉన్నది, వెనుక పట్టు నిలకడగ ఉన్నది. అయినను ‘ఇది కొంచెము పెద్దరికము వహించినది’ అని పాత కారు నెరిగినవారు గొణిగిరి. దగ్గర దగ్గరగ నిలిపిన శంకువుల నడుమ అటునిటు తప్పుకొని పోవుచోట బరువు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు మారుటకు కాలము పట్టును. బరువు పెరిగిన కొలదియు ఆ కాలమును పెరుగును.

నాలుగవ తరమును 2014లో చూపి, 2015లో అమ్మకమునకు తెచ్చిరి. ఇచట నిర్మాతలు వెనుకకు తిరిగి చూచిరి. కారు పొడవు మొదటి తరముకంటెను కొంచెము తక్కువ. బరువు మూడవ తరముకంటె తగ్గి, 2 లీటర్ల ఇంజనుతో సుమారు 1,060 కిలోలకు వచ్చెను. అశ్వశక్తి 155, అనగా మూడవ తరముకంటె తక్కువ. టార్కు మాత్రము 200. అదియు 4,600 చుట్లకే అందును. 2019 నమూనాలో పిస్టనులను, వాని కడ్డీలను తేలికచేసి, అశ్వశక్తిని 181కి, ఇంజను చుట్ల మేరను 6,800 నుండి 7,500కి పెంచిరి. టార్కు 205 అయినది.

ఇప్పుడు బరువునకు తగిన బలమెంతయో చూతము. వేయి కిలోల బరువునకు మొదటి తరమున సుమారు 142 పాళ్ల టార్కు. రెండవ తరమున 156. మూడవ తరమున 170. నాలుగవ తరమున 189. 2019 తరువాత 193. ప్రతి తరమునను పెరుగుదల ఉన్నది. కాని మూడవదానిలో బలమును పెంచి బరువును కూడ పెంచిరి. నాలుగవదానిలో బలమును కొంచెమే పెంచి బరువును తగ్గించిరి. రెండవ మార్గమే మేలని చెప్పవలెను. ఏలయన, తగ్గించిన బరువు లాగునపుడును లాభమే, మలుపులోను లాభమే, బ్రేకు వేయునపుడును లాభమే. పెంచిన బలము లాగునపుడు మాత్రమే లాభము.

మరియొక సూక్ష్మము గలదు. రెండవ గేరులో కారు ఎంత వేగము వరకు పోగలదు? గేరుల పళ్లను, టైరు చుట్టుకొలతను బట్టి లెక్క వేయగా మొదటి తరపు 1.6 లీటర్ల కారు గంటకు సుమారు 94 కిలోమీటర్లు, 2015 నాటి కారు సుమారు 92, 2019 నాటిది సుమారు 102 పోగలవని తేలుచున్నది. త్రోవలో ఒకచోట 96 కిలోమీటర్ల వేగము వచ్చునట్లుండినచో మొదటి ఇద్దరును గేరు మార్చవలెను, లేదా అంతటితో ఆగి ఉండవలెను. మూడవవాడు నిశ్చింతగ పోవును. టార్కు 5 పాళ్లు పెరిగినదని ముచ్చటపడుటకంటె ఆ పది కిలోమీటర్ల మేలు అచట ఎక్కువ విలువ గలది. లెక్కను కాగితముపై గాక త్రోవపై చూడవలెనన్నది ఇందుకే.

ఈ విషయమునే హోండా వారి ఎస్2000 అను కారు మరింత విశదపరచును. 1999లో వచ్చిన దాని మొదటి రూపున 2 లీటర్ల ఇంజను నిమిషమునకు 9,000 చుట్ల దరిదాపుల వరకు తిరిగెడిది. అమెరికా నమూనాకు 240 అశ్వశక్తి. టార్కు 208, అదియు 7,500 చుట్లకు గాని అందదు. 6,000 చుట్ల దిగువన ఆ ఇంజను సాధువు, పైన సింహము. 2004లో అమెరికాలో ఇంజనును 2.2 లీటర్లకు పెంచిరి. టార్కు 220 అయి, 6,500 చుట్లకే అందినది. అశ్వశక్తి మాత్రము 240గనే యుండెను. వెనుక టైరును 225 నుండి 245 మిల్లీమీటర్ల వెడల్పునకు పెంచిరి. మొదటి రూపున చక్రము మీదికి లేచినపుడు దాని ముఖము కొంత లోపలికి తిరిగెడిది. అందువలన మలుపు నడుమ కాలు ఎత్తినచో తోక చటుక్కున జారెడిది. దానిని సవరించి సౌమ్యముగ చేసిరి.

అయిన రెండవదే మేలా? నడిమి చుట్లలో బలమునందును, నెమ్మదియందును అదియే మేలు. కాని దాని చుట్ల మేర 8,000 దరికి తగ్గినది, గేరు లెక్కయు కురుచయైనది. మొదటిది రెండవ గేరులో సుమారు 109 కిలోమీటర్ల వరకు పోగా, రెండవది సుమారు 94 దగ్గర ఆగును. కనుక ఇరుకైన త్రోవలో కొత్తదియు, విశాలమైన వేగపు త్రోవలో పాతదియు నెగ్గుటకు అవకాశము గలదు. పాత కారు చేయి తిరిగినవానికి బహుమానము, చేయి తిరుగనివానికి దండన. కొత్త కారు ఇద్దరికిని సమముగ సాయపడును.

బలమును నేలకు దించు మరియొక సాధనమును చెప్పక విడువరాదు. మలుపులో లోపలి చక్రమున బరువు తగ్గును. సాధారణమైన డిఫరెన్షియల్ ఉన్నచో ఆ తేలిన చక్రమే ఊరక తిరుగును, బలమంతయు వ్యర్థము. జోడెడ్లలో ఒకటి కాడి వదలినచో రెండవది ఏమి లాగగలదు? దీనిని అరికట్టుటకు జారుడును పరిమితము చేయు డిఫరెన్షియల్ అమర్తురు. అది బలములో కొంత భాగమును పట్టుగల చక్రమునకు మరల్చును. అది లేని 200 టార్కు కంటె అది గల 150 టార్కు మలుపు చివర ఎక్కువ ఉపయోగపడవచ్చును. కొనువారు తరమును అడుగుటకు ముందు ఈ సాధనము ఉన్నదా లేదా యని అడుగుట లెస్స. ఆ తరువాత టైరులను చూడవలెను. మంచి టైరులు తొడిగిన పాత కారు అరిగిన టైరులుగల కొత్త కారును ఓడించుటలో వింత లేదు.

ఇంతకును తీర్పు ఏమి? నేర్చుకొనువానికి మొదటి రెండు తరములు మంచి గురువులు. బలము తక్కువ గనుక తప్పును బలముతో కప్పిపుచ్చుట సాగదు. మలుపులో పోగొట్టుకొన్న వేగము మరల రాదు గనుక పోగొట్టుకొనకుండుట నేర్చును. మూడవది నిలకడ కోరువానికి తగినది. గెలుపు కోరువానికి ఈ నలుగురిలో నాలుగవది, అందును 2019 తరువాతిది, తగినది. దాని స్ప్రింగులు మెత్తనివి గనుక మలుపులో శరీరము ఒరిగినట్లు కనబడును. ఆ ఒరుగుటకు భయపడక, చేతులను తొందరపెట్టక నడుపువానికి అది వశమగును. ఏ తరమైనను కారులోని లోపముకంటె నడుపువాని లోపమే ఎక్కువ సెకండులను తినునన్నది ఆ మైదానమున నిలిచిన సత్యము.

పెద్దలారా! ఈ దూరదేశపు వినోదమును ఇంతసేపు చెప్పుటకు ఒక కారణము గలదు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా మితిమీరిన వేగమువలన పోయినవారని అదే లెక్క చెప్పుచున్నది. మన యువకులు బండి కొనునపుడు దాని బలమును అడుగుదురు. అది ఎంత దూరములో ఆగునో, మలుపులో టైరు పట్టు ఎచట తీరునో అడుగువారు తక్కువ. ఆ పట్టు తీరు చోటును ఆటోక్రాస్ ఆడువాడు ఖాళీ మైదానమున శంకువును పడగొట్టి తెలిసికొనును. శంకువును మరల నిలుపవచ్చును. రోడ్డుపై తెలిసికొనువాడు పడగొట్టుదానిని మరల నిలుపుటకు సాధ్యము కాదు.

కావున ఇంటిలో కొత్త బండి దిగిన దినమున, దాని బలమెంతయని అడిగిన పిమ్మట మరి రెండు ప్రశ్నలను పెద్దలు అడుగవలెను. టైరులు ఎట్లున్నవి? ఆపుట నేర్చితివా? వట్టి నేలపైనను తడి నేలపైనను, జనము లేని మైదానమున, తగిన నేర్పరి ప్రక్కన నుండగా, ఆపుటను తిప్పుటను అభ్యసింపజేయుట కొన్ని గంటల పని. బలమును డబ్బిచ్చి కొనవచ్చును. ఒదుగును మాత్రము అభ్యాసముతోనే సంపాదింపవలెను. నాలుగు తరముల కారు మనకు చెప్పు నీతి ఇదియే.